పది కలిపి చదివిన వేడి

బండిలో నా పని అంకె చదవడం. నా కూతురు ఖాజాబీ నడుపుతుంటే నేను పక్క సీట్లో కూర్చుని, ఒళ్ళో ఫోను పెట్టుకుని, దాని మీద కనబడే అంకెను గట్టిగా చదువుతాను. ఎనభై ఆరు. ఎనభై తొమ్మిది. తొంభై మూడు. అది గేరుబాక్సు లోపలి ఆయిలు వేడి.

బండి వెనక ట్రాలీ ఉంటుంది. ట్రాలీలో దూది ఏకే మిషను, కుట్టు సామాను, గళ్ళ బట్ట తానులు. ప్రొద్దుటూరులో బయల్దేరి ఊరూరూ తిరిగి, పాత పరుపులు విప్పి, గడ్డకట్టిన దూదిని ఏకి, మళ్ళీ కుట్టి ఇస్తాం. మా మామ వింటితో ఏకేవాడు. మా ఆయన కొట్లో మిషను పెట్టి ఏకాడు. ఆయన కరోనాలో పోయాక కొట్టుకు పరుపులు రావడం తగ్గింది. పరుపులు రాకపోతే మనమే పరుపుల దగ్గరికి పోదామని ఖాజాబీ మిషనును ట్రాలీకెక్కించింది.

ఖాజాబీ కువైట్‌లో తొమ్మిదేళ్ళు ఒక ఇంట్లో పనిచేసింది. పిల్లల్ని బడికి దించడానికి ఆ ఇంటివాళ్ళే దానికి డ్రైవింగు నేర్పించారు. అక్కడి కారులో గేర్లు వేసే పని లేదు, అవే మారతాయి. దానికి తెలిసిన బండి అదొక్కటే. అందుకని తిరిగొచ్చాక బెంగుళూరులో ఎవరో వాడి వదిలేసిన అట్లాంటి పెద్ద కారే కొనుక్కొచ్చి, వెనక కొక్కెం వేయించి ట్రాలీ తగిలించింది. మెకానిక్ నూర్ అహ్మద్ చూసి నెత్తి కొట్టుకున్నాడు.

"ఏందిమే ఖాజా, పెండ్లికూతురి నెత్తిన గడ్డిమోపు పెట్టినట్ల! ఈ బండితో ట్రాలీ లాగిస్తావా?"

"లాగుతాదా లేదా, అది సెప్పు మామా."

"లాగుతాది. ఇంజను వేడెక్కితే సూపించేదానికి ముల్లుంది. గేరుబాక్సు వేడెక్కితే సూపించేదానికి ఈ బండిలో ఏమీ ల్యా. లోపల్లోపలే కాలి సస్తాది."

అతనే స్టీరింగు కింద వేలెడంత డబ్బీ ఒకటి గుచ్చి, దాని అంకె ఫోనులో కనబడేట్టు చేశాడు. తర్వాత నా వైపు తిరిగి, చిన్న పిల్లకు చెప్పినట్టు చెప్పాడు.

"మాబున్నక్కా, ఇను. నూటపది దాటితే నిదానంగా పొమ్మను. నూట ఇరవై అయితే ఆపేయమను. ఆపి న్యూట్రల్లో పెట్టాల, ఇంజను మాత్రం ఆర్పగూడదు. ఆయిలు తిరుగుతా ఉంటేనే సల్లబడేది. నూట ముప్పై సూసినారంటే ఇంగ పాత ఇనుపసామానోనికి ఏసుకునేదే."

బండి పోతే ఖాజాబీ కూడా పోతుంది. అది నాకు తెలుసు. కువైట్‌కు మనుషుల్ని పంపే ఏజెంటు వారానికోసారి ఫోను చేస్తాడు. "బండి నడిచినన్ని దినాలు నేను రానన్నా" అని ఇది చెప్పడం వంటింట్లోంచి వింటూ ఉంటాను. దాన్ని మూడుసార్లు బస్సెక్కించి పంపాను. మూడుసార్లూ కిటికీ చువ్వ పట్టుకుని బస్సుతో పాటు కొంత దూరం నడిచాను. మూడోసారి కండక్టరు నా వేళ్ళు ఒక్కొక్కటే విడిపించాడు. నాలుగోసారికి నా కాళ్ళలో ఆ నడక లేదు.

అందుకని నేను పది కలిపి చదివేదాన్ని. ఎనభై ఆరుంటే తొంభై ఆరు అనేదాన్ని. ఖాజాబీ నిదానించేది. అల్లా క్షమించాలి, అబద్ధమే, కానీ ఏడాది పొద్దు గేరుబాక్సు చల్లగా ఉందంటే ఆ పది వల్లనే అనుకున్నాను.

ఫిబ్రవరిలో లింగాల పోయాం. పగలంతా నాలుగిళ్ళ పని చేసి, చివర పార్వతమ్మ అనే ఆమె ఇంటికి పోయేసరికి కరెంటు పోయింది. నేను జమ్మలమడుగులో ఇచ్చే రెండు పరుపులను ట్రాలీలో సర్దుతున్నాను. ఖాజాబీ ఒక్కతే లోపలికి పోయి, చుట్టిన పరుపు ఒకటి భుజాన వేసుకుని వచ్చింది. ఇంటికి తీసుకుపోయి ఏకి, శుక్రవారం తెచ్చి ఇస్తామని చెప్పిందట. పార్వతమ్మ వాకిలి దాకా వచ్చి నిలబడింది. పరుపును ట్రాలీలో వేసే దాకా దాన్నే చూసింది. మమ్మల్ని చూడలేదు.

లింగాల నుంచి పులివెందుల దారి చదును. చీనీతోటల మధ్య గాలి చల్లగా ఉంది. ఆ దారిలో అంకె ఎప్పుడూ ఎనభై ఐదు దాటదు. ఆ రోజు తోటలు కూడా దాటకముందే తొంభై ఎనిమిది అయింది. నేను చదవడం మర్చిపోయి ఫోను వైపే చూస్తున్నాను. వంద. నూట మూడు.

"ఏందిమా, నోరు పడిపోయిందా? ఎంతుంది?"

"నూట పదమూడు" అన్నాను.

పులివెందుల చేరకముందే ఆపాం. ఖాజాబీ దిగి ట్రాలీ చక్రాలు చేత్తో తాకి చూసింది. ఎక్కడా పట్టుకోలేదు. గాలి సరిగ్గా ఉంది. బరువు పొద్దున తెచ్చిన దాని కంటే తక్కువే. అన్నీ బాగుంటే బండి ఎందుకు మూలుగుతోందో దానికి అర్థం కాలేదు. నాకు మాత్రం ట్రాలీలోని ఆ చుట్ట మీదికే చూపు పోయింది.

"మే, పార్వతమ్మను అడిగితివా?"

"ఏం అడగాల?"

మా ఇంట్లో ఒక పద్ధతి ఉంది. పరుపు తీసుకునేటప్పుడు 'ఈ పడక ఎవరిది' అని అడగాలి. బతికున్నవాళ్ళదైతే వెంటనే విప్పొచ్చు. పోయినవాళ్ళదైతే మూడు దినాలు ఎండలో పెట్టి, వాళ్ళను తలచుకుని, విడిగా ఏకాలి. ఇంకొకరి దూదిలో పోగు కూడా కలవకూడదు. పేరు చెప్పందే మా మామ విల్లు ముట్టేవాడు కాదు. ఖాజాబీ ఈ పని నేర్చుకునే వయసులో కువైట్‌లో గిన్నెలు కడిగింది. దానికి మిషను తెలుసు, పద్ధతి తెలియదు. అడగడం నా వంతు. నేను ట్రాలీ సర్దుతూ ఉండిపోయాను.

అక్కడి నుంచే పార్వతమ్మకు ఫోను చేశాను.

"పోయినోళ్ళదా పార్వతమ్మా, పరుపు?"

"అట్లనొద్దు తల్లీ. మా పాపది, వసుంధరది. కువైట్లో ఉంది."

"బాగుంటాందా?"



"ఫోనొచ్చి పదకొండు నెల్లయింది. ఏజెంటును అడిగితే ఉందంటాడు, యాడుందో సెప్పడు. వస్తే మెత్తగా పండుకుంటాదని ఏకిస్తాండా."

బతికున్నవాళ్ళ పడకకు ఒక పద్ధతి ఉంది, పోయినవాళ్ళ పడకకు ఒకటి ఉంది. బతికుందో పోయిందో తెలియని మనిషి పడకను ఏం చేయాలో మా మామ చెప్పిపోలేదు. ఫోను పెట్టేసి ఖాజాబీకి చెప్పాను. అది బండి ఎక్కింది.

జమ్మలమడుగులో పరుపులు ఇచ్చేది ఉంది కాబట్టి ముద్దనూరు దాటి ఘాటు ఎక్కాం. రెండో మలుపులో అంకె నూట పదైదు. మూడో మలుపులో నూట ఇరవై ఒకటి. నాకు కలపడానికి ధైర్యం చాలలేదు. ఉన్నది ఉన్నట్టే అరిచాను.

"నూట ఇరవై ఒకటి! ఆపు!"

అది ఆపలేదు. ఇంకా తొక్కింది.

"ఆపే పాపా! నూట ఇరవై నాలుగు!"

"పైదాకా పోనీమా, ఇంగ రెండు మలుపులే కదా."

కాలిన చక్కెర పాకం లాంటి వాసన లోపలికొచ్చింది. అప్పుడు దాని ముఖం మారింది. కొండవైపు ఆనించి ఆపి, న్యూట్రల్లో పెట్టి, నా చేతిలోని ఫోను లాక్కుని చూసింది. నూట ఇరవై ఆరు.

"నిజంగానే ఇంతుందా?"

"నిజంగా కాకపోతే? నేను అరస్తానే ఉండా కదా!"

"నువ్వెప్పుడూ పది కలిపి సెప్తావని నేను పది తీసేస్తా ఉంటినిమా" అంది.

"నీకెట్ల తెలుసు?"

"వంటింట్లో ఉప్పు లేదంటే రెండు రోజులకుంటాది. బస్సుకు టైమయిందంటే గంటుంటాది. నీ కడుపున పుట్టినా, నాకు తెలీదా?"

మరో రోజైతే నవ్వుకునేవాళ్ళం. ఇద్దరం ఫోను వైపు చూస్తూ కూర్చున్నాం. కొండగాలి బానెట్టు మీద నుంచి పోతోంది. ఇంజను తిరుగుతోంది. నూర్ అహ్మద్ చెప్పిన దాని ప్రకారం పది నిమిషాల్లో అంకె దిగాలి. ఇరవై నిమిషాలైంది. నూట ఇరవై ఆరు. లాగడానికి ఏమీ లేకుండా నిలబడిన బండి, ఎవరో ఇంకా పట్టుకుని వెనక్కి గుంజుతున్నట్టు వేడిగానే ఉంది.

దూదిలో నిప్పు పడిందేమోనని నాకు అనుమానం వచ్చింది. దూదిలో పడిన నిప్పు పొగ కూడా లేకుండా లోపల్లోపలే తిరుగుతుంది. ట్రాలీ దగ్గరికి పోయి ముందు రెండు పరుపులూ తడిమాను. చల్లగా ఉన్నాయి. వసుంధర పరుపు కట్టు విప్పి పరిచాను. నడుమ మనిషి పండుకునే మేర పల్లం పడి ఉంది. ఆ పల్లంలో చెయ్యి పెట్టాను. వెచ్చగా ఉంది. ఎండకు ఎక్కిన వెచ్చదనం కాదు, నిప్పు కాదు. బిడ్డను అప్పుడే తీసిన ఉయ్యాల గుడ్డ ఎలా ఉంటుందో అలా ఉంది. చుట్టూ ఉన్న దూది మాత్రం చల్లగానే ఉంది.

ఖాజాబీని పిలిచాను. అదీ చెయ్యి పెట్టి, వెంటనే తీసేసుకుంది.

ఇద్దరం పరుపును కిందికి దించాం. చుట్టి, తాడు కట్టి, పిట్టగోడ పక్కన నిలబెట్టాం. వెనక్కి వచ్చి ఫోను చూస్తే నూట పద్దెనిమిది. చూస్తుండగానే నూట తొమ్మిది. తొంభై ఏడు.

ఆ మాట నేనే అన్నాను. ఎవరి మీదా తోయను.

"దీన్ని ఈడ పెట్టిపోదాం పాపా."

"ఎవురో కన్నోళ్ళదిమా అది. ఆ పిల్ల కోసరం పెట్టుకున్నారు."

"నేనూ కన్నా. బండి కాలిపోతే నువ్వు యాడికి పోతావో నాకు తెలుసు. శుక్రారం లోపల ఇంకో బండి మాట్లాడుకుని వచ్చి తీసుకపోదాంలే."

అది చాలాసేపు కొక్కెం పట్టుకుని నిలబడింది. తర్వాత వచ్చి స్టీరింగు ముందు కూర్చుంది. బండి కదిలాక నేను అద్దంలో చూశాను. పరుపు గోడకు ఆనుకుని, తల వంచుకున్న మనిషిలా, మలుపు తిరిగే దాకా కనబడింది. అంకె ఎనభై రెండుకు దిగింది. ప్రొద్దుటూరు దాకా ఎనభై రెండు దాటలేదు.

మరుసటి రోజు ఏ బండీ మాట్లాడలేదు. ఆ మరుసటి రోజూ మాట్లాడలేదు. ఖాజాబీ అడిగినప్పుడల్లా "పోదాంలే" అన్నాను. నా మనసులో ఇంకో లెక్క ఉంది. అలాంటి గళ్ళ బట్టే మా దగ్గర ఉంది. కొత్త దూది పోసి కుట్టి ఇస్తే పార్వతమ్మకు ఏం తెలుస్తుంది? బట్ట కొలిచి కత్తిరించాను కూడా.

గురువారం మధ్యాహ్నం ఆమే ఫోను చేసింది.

"పరుపు అయిందామ్మా?"

"అయిపోవచ్చింది" అన్నాను.

"ఏం లేదు, రెండు దినాలుగా కన్ను మూస్తే పాప కనపడతాంది. సలేస్తాంది మా, బయట పండబెట్టినారు అంటాంది. కువైట్లో సలేముంటాదిలే అని నేనే అనుకుంటాండా."

నేను ఫోను పెట్టేసి తిరిగి చూస్తే ఖాజాబీ నా వెనకే ఉంది. కత్తిరించిన బట్ట వైపు చూసింది, నా వైపు చూసింది. తిట్టలేదు. ట్రాలీ కొక్కెం ఊడదీసి, ఒట్టి బండి తీసుకుని పోయింది.

గంటన్నర తర్వాత ఫోను చేసింది. గాలి హోరులో దాని గొంతు తెగి తెగి వినబడింది.

"మా, పరుపు ఉంది. యాడ పెట్టినామో ఆడే ఉంది."

"తీసుకురా బిడ్డా."

"పరిచి ఉంది మా."

"తాడు కట్టినాం కదే."

"తాడు పక్కన సుట్టి పెట్టినారు. ఇంకోటి ఏందంటే, పల్లం నడాన లేదు. ఒక పక్కకు జరిగింది. ఇంకొకరికి జాగా ఇడ్సినట్ల ఉంది."

"దాని మీద కూసోగాకు. పండుకోగాకు. ఎత్తి బండిలో వేసుకుని వచ్చేయ్" అన్నాను.

ఫోను పెట్టేయొద్దని చెప్పాను. అది స్పీకరు పెట్టి, ఈసారి తానే అంకె చదువుతూ, మిగిలిన రెండు మలుపులూ ఎక్కి ఘాటు దిగింది. ట్రాలీ లేదు, ఆపైన దారంతా దిగుడే, వెనక సీట్లో ఒక పరుపు మాత్రమే. నూట నాలుగు. నూట పదైదు. నూట ఇరవై రెండు.

"పరుపు దించి, ఆపుకుని సల్లబడినాక రా పాపా."

"దించితే మళ్ళీ ఆడ ఇడ్సిపెట్టి రమ్మంటావు."

"అనను. అల్లా తోడు, అనను."

"నాకు నీ లెక్క తెలుసుమా" అంది. నవ్వింది కూడా. "నూట ఇరవై తొమ్మిది. ఉన్నది ఉన్నట్టే సెప్తాండా. ఏమీ తీసేయలేదు." తర్వాత "ముప్పై మూడు" అంది. ఏదో విరిగిన చప్పుడు వినబడింది. ఆ తర్వాత గాలి చప్పుడు కూడా లేదు.

దీపాలు పెట్టే వేళకు ఆటో వచ్చి వాకిట్లో ఆగింది. ఖాజాబీ పరుపును భుజాన మోసుకుని దిగింది. బండి జమ్మలమడుగు పెన్నా వంతెన దగ్గర రోడ్డు పక్కన చచ్చి పడి ఉందని చెప్పింది. మర్నాడు నూర్ అహ్మద్ పోయి చూసి, కింద గుంట కట్టిన నల్లటి ఆయిలులో వేలు పెట్టి, వాసన చూసి, తల అడ్డంగా ఊపాడు.

ఖాజాబీ ఏజెంటుతో మాట్లాడటం ఈసారి నా ఎదురుగానే జరిగింది. పార్వతమ్మను అడిగి వసుంధర పనిచేసిన వీధి పేరు రాసుకుంది. తాను అంతకుముందు పనిచేసిన ఇంటికి అది నాలుగు వీధుల అవతలట.

"పోలీసులుండారు, ఎంబసీ ఉంది. నువ్వేం చేస్తావే ఆడ?" అన్నాను.

"ఎంబసీకి పేరు తెలుసు. నాకు సందులు తెలుసు. పనోళ్ళు చెత్త పారబోసే టైమెప్పుడో తెలుసు. ఆ టైముకు పోయి నిలబడితే ఎవరో ఒకరు సెప్తారు."

"నేను దాన్ని ఆడ ఇడ్సింది నీకోసరమే పాపా."

"తెలుసుమా. అందుకే పోతాండా."

నాలుగోసారి బస్సు దగ్గరికి నేను పోలేదు. వాకిట్లోనే చువ్వ లేని చోట గాలిని పట్టుకుని నిలబడ్డాను.

పార్వతమ్మ పరుపును నేను ఏకలేదు, తిరిగి ఇవ్వలేదు. ఖాజాబీ వెతకడానికి పోతోందని విని, కూతురి సంగతి తెలిసే దాకా మీ దగ్గరే ఉండనీ అని ఆమే చెప్పింది. నడుమింట్లో పరిచాను. పొద్దున నమాజు అయ్యాక పక్కన కూర్చుని, పక్కకు జరిగిన ఆ పల్లంలో చెయ్యి పెట్టి చూసేదాన్ని. రోజూ వెచ్చగానే ఉండేది. భయం పోయింది. ఎక్కడో ఒకచోట ఒక పిల్ల ఊపిరి తీస్తోందని అనిపించేది.

శుక్రవారం శుక్రవారం ఫోను చేస్తానని ఖాజాబీ మాట ఇచ్చింది. మొదటి శుక్రవారం చేసింది. రెండో శుక్రవారం చేసి, ఒక పిలిప్పీను ఆమె వసుంధరను చూసిందట, ఇల్లు చూపిస్తానందట, రేపు పోతాను అని చెప్పింది. మూడో శుక్రవారం ఫోను రాలేదు. నేను చేస్తే మోగలేదు. ఏజెంటు "ఉందిలే అక్కా, పనిలో ఉంటాది" అన్నాడు.

శనివారం పొద్దున పరుపు దగ్గర కూర్చున్నాను. పల్లం ఒకటి కాదు, రెండున్నాయి. ఖాళీగా వదిలిన వైపు, మొదటి దాని కంటే జానెడు పొడుగ్గా ఇంకొకటి పడి ఉంది. కాళ్ళు కొంచెం ముడుచుకుని, గోడ వైపు తిరిగి పండుకునే మనిషి పల్లం. అలా ఎవరు పండుకుంటారో కన్నదాన్ని, నాకు తెలియదా. దాంట్లో చెయ్యి పెట్టి, తీయకుండా చాలాసేపు ఉన్నాను.

పార్వతమ్మకు ఫోను చేశాను. పిల్లలిద్దరూ ఒక్కచోటనే ఉన్నారని చెప్పాను. ఆమె ఎలా తెలుసని అడగలేదు. ఫోనులోనే ఏడ్చి, ముక్కు చీది, మెల్లగా అడిగింది.

"బాగుండారా అక్కా?"

ఉన్నది ఉన్నట్టే చెప్పాను.

"వెచ్చగా ఉండారు పార్వతమ్మా."